చల్లబడినా పరిగెత్తని లాప్‌టాప్: ఒక రిపేరు డైరీ

1వ రోజు, రాత్రి

ఈ లాప్‌టాప్ కొని ఆరేళ్ళు దాటింది. ఇంటెల్ ఎనిమిదో తరం కోర్ ఐ7-8550యూ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. నా పనికి ఇప్పటికీ సరిపోవాల్సిన మెషీనే. కానీ నెల రోజులుగా వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టిన రెండు నిమిషాలకే ఫ్యాను ఈల వేస్తోంది. కీబోర్డు పై వరస మీద వేలు ఆనించలేనంత వేడి. ఆ తర్వాత అంతా నత్తనడక. టైప్ చేసిన అక్షరం కూడా కాసేపు ఆలోచించుకుని గానీ స్క్రీన్ మీదికి రావడం లేదు. పోయిన వారం విండోస్ మొత్తం తుడిచేసి మళ్ళీ ఎక్కించాను. ఒక ఆదివారం ఖర్చయింది తప్ప మారిందేమీ లేదు.

"విప్పి దుమ్ము దులిపెయ్ అన్నా, సగం రోగం పోతుంది" అన్నాడు తమ్ముడు. పోవచ్చు. కానీ ఈసారి స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు అంకెలు రాసిపెట్టుకోవాలని పంతం పట్టాను. లేకపోతే బాగయిందో లేదో తేల్చడానికి నా అరచెయ్యే థర్మామీటర్ అవుతుంది.

సెన్సార్లన్నీ చూపిస్తూ, రెండు సెకన్లకోసారి ఫైల్లో రాసిపెట్టడానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాము. ప్రాసెసర్ స్పీడు తగ్గినప్పుడు ఎందుకు తగ్గిందో చెప్పడానికి థ్రాటిల్‌స్టాప్ అనే ఇంకోటి. పరీక్ష కోసం ఒకటే 4 నిమిషాల వీడియో క్లిప్పు. దాన్ని ప్రతిసారీ అవే సెట్టింగులతో హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్‌లో హెచ్.265 ఫార్మాట్‌లోకి మార్చడం. గది టెంపరేచర్ కూడా పక్కన రాయాలి. గది 5 డిగ్రీలు చల్లగా ఉంటే లాప్‌టాప్ లోపల కూడా ఇంచుమించు అంత తేడా వస్తుంది. అది రాసుకోకపోతే ఏసీ చేసిన పనికి నేను భుజాలు చరుచుకుంటాను.

ఈ రాత్రి లెక్కలు ఇవి. గది 28. ఏమీ చెయ్యకుండా ఊరికే ఉంచితే ప్రాసెసర్ 61, ఫ్యాను ఆగడమే లేదు. వీడియో మార్పిడి మొదలుపెట్టగానే స్పీడు 3.3 గిగాహెర్ట్జ్‌కి ఎగిరి, ఎనిమిది సెకన్లలోపే టెంపరేచర్ 97 తాకింది. అక్కడి నుంచి స్పీడు 1.3, 1.4, మళ్ళీ 1.3. టెంపరేచర్ మాత్రం 97 దగ్గర గీత గీసినట్టు నిలబడింది. పని పూర్తవడానికి 15 నిమిషాల 10 సెకన్లు.

ఈ ప్రాసెసర్‌కి ఇంటెల్ పెట్టిన హద్దు 100 డిగ్రీలు. లాప్‌టాప్ తయారుచేసినవాళ్ళు ఇంకో మూడు తగ్గించి 97 దగ్గరే బ్రేకు పెట్టారు, థ్రాటిల్‌స్టాప్‌లో కనిపిస్తోంది. కాబట్టి 97 చూసి కంగారు పడలేదు. పక్క గడిలో 8.6 వాట్లు అని చూసి నోరెళ్ళబెట్టాను. ఇది 15 వాట్ల ప్రాసెసర్. దీని ఫ్యాను, రాగి గొట్టం అన్నీ కనీసం 15 వాట్ల వేడిని ఆపకుండా బయటికి తోసెయ్యడానికి పెట్టినవి. నాది ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు అంత కరెంటు కూడా తినకుండానే హద్దు తాకుతోంది. పుట్టిన వేడి ఎక్కువేం కాదు, బయటికి పోయే దారి మూసుకుపోయింది.

వేడి సమస్యలు చూసేవాళ్ళు చాలామంది డిగ్రీలు ఒక్కటే చెబుతారు. డిగ్రీల పక్కన వాట్లు లేకపోతే ఆ అంకెతో చెయ్యగలిగింది పెద్దగా లేదని నాకు ఇవాళే తలకెక్కింది. 25 వాట్ల దగ్గర 97 అంటే ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తోంది. 8 వాట్ల దగ్గర 97 అంటే లోపల ఏదో చెడింది.

2వ రోజు

విప్పకుండా ఏమేం చెయ్యొచ్చో అన్నీ చేసేద్దామని కూర్చున్నాను.

ముందు, ఊరికే ఉన్నప్పుడు 61 ఎందుకుంది? టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రింటర్‌తో పాటు వచ్చిన ఒక అప్‌డేట్ ప్రోగ్రాము ప్రాసెసర్‌లో 17 శాతం నమిలేస్తోంది. ఆ ప్రింటర్ ఇంట్లోంచి వెళ్ళిపోయి రెండేళ్ళయింది. అయినా దాని సాఫ్ట్‌వేర్ ఎందుకు మళ్ళీ ఎక్కించానంటే, పాత ఫోల్డర్‌లో ఉన్నవన్నీ వరసపెట్టి నొక్కుకుంటూ పోయాను కాబట్టి. దాన్ని తీసేస్తే 61 కాస్తా 53 అయింది.

తర్వాత గాలి. ఈ లాప్‌టాప్ అడుగు నుంచి గాలి పీల్చి, వెనక మడత దగ్గర వదులుతుంది. వెనక రెండు మూలల కింద రెండు సీసా మూతలు పెట్టి లేపితే పని మీద ఉన్నప్పుడు స్పీడు 1.4 నుంచి 1.6కి పెరిగింది. టెంపరేచర్ మాత్రం అదే 97. ఇక్కడే మొదట నేనూ తికమకపడ్డాను. హద్దు తాకి ఆగుతున్న ప్రాసెసర్‌కి కాస్త చల్లదనం దొరికితే దాన్ని వెంటనే స్పీడుగా మార్చేసుకుంటుంది, డిగ్రీలు తగ్గవు. కూలింగ్ ప్యాడ్ కొన్నాక "ఒక్క డిగ్రీ కూడా తగ్గలేదు" అని తిట్టుకునేవాళ్ళు స్పీడు చూసి ఉంటే ఆ తిట్టు కొంచెం తగ్గేదేమో.

పవర్ సెట్టింగుల్లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 నుంచి 99 చేసే పాత చిట్కా కూడా చూశాను. ఆ ఒక్క శాతం టర్బోని, అంటే అవసరమైనప్పుడు మామూలు స్పీడు దాటి ఎగరడాన్ని, పూర్తిగా ఆపేస్తుంది; స్పీడు 1.8 దాటదు. ఊరికే బ్రౌజింగ్ చేసేవాళ్ళకు తాత్కాలికంగా పనికొస్తుంది. నాకు మాత్రం ఉన్న రోగాన్ని దుప్పటి కప్పి దాచినట్టుంది.

సాయంత్రం ఒక వింత జరిగింది. మెయిల్ రాస్తుంటే ఉన్నట్టుండి అంతా స్తంభించినట్టయింది. టాస్క్ మేనేజర్‌లో స్పీడు 0.39 గిగాహెర్ట్జ్. టెంపరేచర్ 58 మాత్రమే. మూడు నాలుగు నిమిషాల తర్వాత దానంతటదే సర్దుకుంది. వేడికి ఇంకేదో సెన్సార్ భయపడి ఉంటుందిలే అని నోట్సులో ఒక ముక్క రాసి వదిలేశాను.

3వ రోజు, శనివారం

విప్పాను.

ఒక అట్టముక్క మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చాను. మొత్తం పది. మడతల దగ్గరవి రెండు పొడుగు, మిగతావి పొట్టి. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే అవతలి వైపు పామ్‌రెస్ట్‌కి బొడిపె లేస్తుంది, అందుకే ఈ అట్ట ఆర్భాటం. మూతని పాత ప్లాస్టిక్ కార్డుతో అంచు వెంబడి తిప్పుతూ ఊడదీస్తే క్లిప్పులు ఒక్కొక్కటీ టక్కుటక్కుమన్నాయి. ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఏదో విరిగిందనే అనిపిస్తుంది, ఎన్నిసార్లు విప్పినా అలవాటు కాదు. మొదట చేసింది బ్యాటరీ కనెక్టర్ లాగెయ్యడం. బ్యాటరీ ఉబ్బిందేమోనని పక్క నుంచి కంటి ఎత్తులో పెట్టి చూశాను. బల్లపరుపుగానే ఉంది.

ఫ్యాను పైకి చూస్తే మరీ మురికిగా ఏమీ లేదు. రెక్కల మీద పల్చటి దుమ్ము, అంతే. పైపైన ఊదేసి మూసేద్దామా అనిపించింది. ఫ్యాను మూడు స్క్రూలు తీసి పక్కకి జరిపాక తెలిసింది అసలు సంగతి. ఫ్యాను గాలి ఊదేది సన్నటి లోహపు రేకుల వరసలోకి. ఆ రేకులకీ ఫ్యానుకీ మధ్య, బయటికి ఏ వైపు నుంచీ కనిపించని చోట, బూడిదరంగు దుమ్ము గట్టిపడి పట్టీలా అతుక్కుంది. పట్టకారుతో అంచు పట్టుకుని లాగితే ముక్కలవకుండా ఒకే పీసుగా వచ్చింది, పాత ఉన్ని మేజోడులోంచి కత్తిరించినట్టు. వేలెడు పొడుగు, రెండు మిల్లీమీటర్ల మందం. దీపం ముందు పెడితే వెలుతురు అటు నుంచి ఇటు రాలేదు. వెలుతురే దూరని చోట గాలి ఏం దూరుతుంది? అందుకే బయటి నుంచి ఎయిర్ క్యాన్‌తో ఎంత ఊదినా లాభం ఉండదు. పట్టీ కాస్త వెనక్కి జరిగి, ఫ్యాను తిరగ్గానే మళ్ళీ తన చోటికి వచ్చి కూర్చుంటుంది.

ఊదేటప్పుడు ఫ్యాను గిర్రున తిరక్కుండా పుల్లతో పట్టి ఉంచాను. మామూలుగా తిరిగే స్పీడుకి మించి గాలి తిప్పితే బేరింగు పాడవుతుంది.

ఇక హీట్‌సింక్. ప్రాసెసర్ మీద రాగి పలక, దానికి అతికిన చదునైన రాగి గొట్టం, గొట్టం చివర ఆ రేకులు. గొట్టం లోపల బోలు. గాలి తీసేసి, చాలా కొద్దిగా నీళ్ళు పోసి సీలు వేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ నీళ్ళు 100 డిగ్రీలు రాకముందే ఆవిరవుతాయి. ఆవిరి చల్లటి చివరకు పోయి, అక్కడ వేడి వదిలి, మళ్ళీ నీరై లోపలి పొర గుండా వెనక్కి పాకుతుంది. దీంట్లో అరిగేది, తిరిగేది ఏమీ లేదు; వంచకుండా ఉంటే చాలు.

పలక మీద నాలుగు స్క్రూలకు 1, 2, 3, 4 అని అంకెలున్నాయి. బిగించేటప్పుడు ఆ వరసలో, విప్పేటప్పుడు 4 నుంచి వెనక్కి. ఒక్కొక్కటీ ఒకేసారి పూర్తిగా తిప్పెయ్యకుండా కొంచెం కొంచెంగా వదులు చేశాను. పలక లేపితే చిప్పుకీ పలకకీ మధ్య పూసే థర్మల్ పేస్టు, పాతది, కనిపించింది. చిప్పు అంచుల చుట్టూ గట్టు కట్టి ఎండిపోయి, మధ్యలో చిప్పు అద్దంలా మెరుస్తోంది. అంటే పేస్టు ఉండాల్సిన చోట లేదు, ఉండక్కర్లేని చోట పోగుపడింది. వేడెక్కినప్పుడు వ్యాకోచించి, చల్లారినప్పుడు సంకోచించి, ఆరేళ్ళలో పలకా చిప్పూ కలిసి పేస్టుని మెల్లగా బయటికి పిండేశాయి. మిగిలింది గోటితో గీరితే సుద్దపొడిలా రాలింది.

పేస్టు గురించి నాకున్న అపోహ ఒకటి ఇక్కడ చెప్పాలి. అది వేడిని లాగేసే మందు అనుకునేవాణ్ణి. నిజానికి రాగి ముందు ఎంత ఖరీదైన పేస్టయినా మందకొడే. కానీ పలకకీ చిప్పుకీ మధ్య కంటికి కనపడని గుంటల్లో గాలి ఉంటే అది అంతకంటే వందల రెట్లు ఘోరం. ఆ గాలిని తరిమి ఆ చోటు నింపడమే పేస్టు పని. అందుకే పల్చగా ఉండాలి.

లిక్విడ్ మెటల్ వాడమని సలహాలు చాలా ఉన్నాయి. అందులో ఉండే గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా అది కరెంటుని పారనిస్తుంది. మదర్‌బోర్డు మీద ఒక్క చుక్క జారితే కథ కంచికే. నా చేతుల వణుకు నాకు తెలుసు కాబట్టి మామూలు పేస్టే వేశాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు వైపులా తుడిచి, చిప్పంతా పల్చగా పరిచాను. పక్కనున్న పవర్ చిప్పుల మీద థర్మల్ ప్యాడ్లు (వాటి వేడిని పలకకి అందించే పట్టీలు) విప్పేటప్పుడే చిరిగాయి. వాటి చోట డ్రాయర్‌లో ఉన్న కొత్త ప్యాడ్ కత్తిరించి పెట్టాను. అంతా బిగించేసరికి సాయంత్రమైంది.

3వ రోజు, అర్ధరాత్రి

ఘోరం. పరీక్ష మొదలుపెట్టిన నాలుగు సెకన్లకే 97. విప్పకముందు ఎనిమిది సెకన్లు పట్టేది. దుమ్ము పోయింది, కొత్త పేస్టు వేశాను, అయినా ముందుకంటే అధ్వానం. తమ్ముడు ఏమీ అనలేదు గానీ చూసిన చూపులో చాలా ఉంది.

4వ రోజు

నిద్ర పట్టక పొద్దున్నే లాగ్ ఫైలు తెరిచాను. ప్రాసెసర్ లోపల పని పంచుకునే నాలుగు కోర్లనీ విడివిడిగా చూస్తే 97, 95, 84, 80. ఒకే పని చేస్తున్న కోర్ల మధ్య 17 డిగ్రీల తేడా. ఇంతకుముందు లాగ్‌లో ఆ తేడా నాలుగైదుకి మించలేదు. అంటే పలక ఒక వైపు ఆనింది, ఇంకో వైపు తేలుతోంది.

మళ్ళీ విప్పాను. చిప్పు మీద పేస్టు అచ్చు చూడగానే అర్థమైపోయింది. ఒక అంచున పల్చగా నొక్కుకుని చిప్పు రంగు కనిపిస్తోంది. రెండో అంచున నేను పరిచిన గీతలు పరిచినట్టే ఉన్నాయి, పలక వాటిని తాకనే లేదు. పలక కింద అడ్డుపడింది ఏమిటా అని చూస్తే, నేను పెట్టిన ప్యాడ్. పాత ప్యాడ్ నలిగి అర మిల్లీమీటరే మిగిలింది. నా డ్రాయర్‌లోది 1.5 మిల్లీమీటర్లు, పైగా రబ్బరులా బిరుసు. పలక దాని మీద ఎక్కి కూర్చుని ఒక వైపు లేచిపోయింది. పవర్ చిప్పుల్ని చల్లబరుద్దామని ప్రాసెసర్‌కి పొయ్యి పెట్టాను.

ప్యాడ్ మందం కొలవకుండా డ్రాయర్‌లో దొరికింది పెట్టడం, ఈ ప్రాజెక్టు మొత్తంలో నేను చేసిన అసలు సిసలు తప్పు. అర మిల్లీమీటరు మెత్తటి ప్యాడ్ తెప్పించేదాకా లాప్‌టాప్ అలాగే పొట్ట విప్పుకుని టేబుల్ మీద పడుకుంది.

6వ రోజు

కొత్త ప్యాడ్లు వచ్చాయి. ఈసారి ముందు పేస్టు కొంచెమే వేసి, పలక బిగించి, వెంటనే విప్పి అచ్చు చూశాను. చిప్పంతా ఒకే రంగులో పల్చగా పరుచుకుంది. తుడిచేసి, మళ్ళీ వేసి, 1-2-3-4 వరసలో రెండు విడతలుగా బిగించాను.

గది 28, సరిగ్గా మొదటి రోజులాగే. ఊరికే ఉంటే 43, ఫ్యాను ఆగిపోయింది. ఎంత కాలమైందో ఈ గదిలో ఆ నిశ్శబ్దం విని! పరీక్షలో మొదటి అర నిమిషం 25 వాట్లు తాగుతూ 3 గిగాహెర్ట్జ్‌కి పైన, టెంపరేచర్ 88. తర్వాత 15 వాట్లకు దిగి, 2.5 గిగాహెర్ట్జ్ దగ్గర స్థిరంగా 74. కోర్ల మధ్య తేడా మూడు డిగ్రీలు. పని పూర్తి 8 నిమిషాల 40 సెకన్లు.

అర నిమిషం తర్వాత స్పీడు తగ్గడం చూసి తమ్ముడు "చూశావా, ఇంకా వేడికి ఆగుతోంది" అన్నాడు. థ్రాటిల్‌స్టాప్‌లో లిమిట్ రీజన్స్ కిటికీ తెరిచి చూపించాను. థర్మల్ గడి ఖాళీ, పీఎల్1 గడి మాత్రమే వెలిగింది. ఇంటెల్ ప్రాసెసర్లకు రెండు కరెంటు హద్దులుంటాయి. కాసేపు మాత్రమే వాడుకోగలిగేది పీఎల్2, ఎంతసేపైనా లాగగలిగేది పీఎల్1. నా లాప్‌టాప్‌లో 25 వాట్లు 28 సెకన్ల పాటు, ఆ పైన 15 వాట్లు. ఇది తయారీదారు పెట్టిన కట్టడి. దాన్ని రోగం అనుకుని మళ్ళీ విప్పేవాళ్ళు బోలెడంతమంది ఉంటారు. థర్మల్ గడి వెలగకపోతే స్క్రూలు ముట్టుకోవద్దని మా ఇంట్లో రూలు పెట్టాను.

చల్లదనం మిగిలి ఉంది కాబట్టి పీఎల్1 ని 18 వాట్లకు పెంచి చూశాను. స్పీడు 2.7, టెంపరేచర్ 81, పని 8 నిమిషాలకు. అలాగే ఉంచేశాను. 22 దాకా తోస్తే 90 దాటుతోంది, ఫ్యాను మళ్ళీ ఈల. మిగిలే నిమిషం కోసం ఆ రొద నాకొద్దు.

7వ రోజు

అండర్‌వోల్టింగ్, అంటే ప్రాసెసర్‌కి అందే వోల్టేజీని కావాలని తగ్గించే ఆశ, ఇవాళ ఆవిరైంది. ప్రాసెసర్ తినే కరెంటు స్పీడుతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే దాని వర్గంతో పెరుగుతుంది. అందుకే వోల్టేజీ కొద్దిగా దించినా వేడి బాగా తగ్గుతుంది. కానీ థ్రాటిల్‌స్టాప్‌లో ఆ స్లైడర్లు బూడిదరంగులో బిగుసుకుపోయి ఉన్నాయి. 2019 డిసెంబర్‌లో ప్లండర్‌వోల్ట్ అనే లోపం బయటపడింది. అడ్మిన్ అధికారం సంపాదించినవాళ్ళు వోల్టేజీ తగ్గించి, ప్రాసెసర్ చేత లెక్కలు తప్పించి, ఎస్‌జీఎక్స్ అనే ప్రాసెసర్ భద్రపు అరలో దాచిన రహస్యాల్ని బయటికి లాగొచ్చని పరిశోధకులు చూపించారు. దాంతో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చింది, బయాస్ (మెషీన్ ఆన్ అవగానే ముందుగా నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లతో ఈ దారి మూసుకుపోయింది. పాత బయాస్‌కి వెనక్కి వెళ్తే తెరుచుకుంటుందని అంటారు. నాలుగు డిగ్రీల కోసం బయాస్‌తో చెలగాటం నా వల్ల కాదు.

బదులుగా టర్బో పై హద్దుని 4.0 నుంచి 3.4కి దించాను. చిట్టచివరి ఆ కొన్ని వందల మెగాహెర్ట్జ్ కోసమే ప్రాసెసర్ వోల్టేజీ బాగా ఎక్కిస్తుంది. వెబ్ పేజీ తెరిచిన ప్రతిసారీ ఫ్యాను ఉలిక్కిపడి లేవడం ఆగింది. పేజీ ఆలస్యంగా తెరుచుకున్నట్టు నా కంటికైతే తెలియలేదు.

ఇంతటితో డైరీ ముగిద్దామనుకున్నాను.

9వ రోజు

0.39.

టెంపరేచర్ 46. గది చల్లగా ఉంది, ఫ్యాను ఆగి ఉంది, రెండు ట్యాబులు తెరిచి ఉన్నాయి. మౌస్ బాణం కూడా ఈడ్చుకుంటూ కదులుతోంది. ఇంత కష్టపడి చల్లబరిచిన మెషీన్ చల్లగా కూర్చుని పాకుతోంది.

థ్రాటిల్‌స్టాప్‌లో బీడీ ప్రోక్‌హాట్ అన్న గడి ఎర్రగా వెలిగింది. ప్రోక్‌హాట్ అంటే ప్రాసెసర్ వేడెక్కిందని చెప్పే సిగ్నల్ తీగ. మామూలుగా దాన్ని లాగేది ప్రాసెసరే. ముందున్న బీడీ అన్న రెండక్షరాలకు అర్థం, ఆ తీగ రెండు వైపుల నుంచీ పనిచేస్తుందని. అంటే బోర్డు మీద పవర్ సర్క్యూట్లు, ఛార్జింగ్ చూసుకునే చిప్పు, ఎవరైనా ఆ తీగ లాగి ప్రాసెసర్‌ని ఆపొచ్చు. రైల్లో గొలుసు లాంటిది. ఏ బోగీలో ఎవరు లాగారో డ్రైవర్‌కి తెలియదు, ముందు బండి ఆపుతాడు. ప్రాసెసర్ కూడా అంతే, కారణం అడక్కుండా 400 మెగాహెర్ట్జ్‌కి పడిపోతుంది.

మరి గొలుసు లాగుతున్నది ఎవరు?

10వ రోజు

నిన్న రాత్రంతా హెచ్‌డబ్ల్యూఇన్ఫోని లాగ్ మీద వదిలేశాను. పొద్దున ఆ ఫైలుని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి, స్పీడు 400 ఉన్న వరసలన్నీ విడిగా తీశాను. మొత్తం ఆరు సార్లు పడింది. ప్రాసెసర్ టెంపరేచర్, ఎస్‌ఎస్‌డీ టెంపరేచర్, ఫ్యాను స్పీడు, ఏదీ కలవలేదు. కుడివైపు ఎక్కడో చివరన బ్యాటరీ ఛార్జ్ రేటు కాలమ్ ఉంది. ఆరు సార్లూ అక్కడ సున్నా. మిగతా వరసల్లో మామూలుగా ఛార్జవుతోంది.

ఛార్జర్ పీకేశాను. రెండు సెకన్లలో స్పీడు లేచింది. మళ్ళీ గుచ్చాను. 0.39. బయాస్‌లోకి వెళ్ళి చూస్తే అడాప్టర్ రకం ఎదురుగా "తెలియదు" అన్న అర్థంతో ఒక మాట.

ఈ ఛార్జర్ జాక్ మధ్యలో సూదిలాంటి సన్నటి పిన్ను ఉంటుంది. లాప్‌టాప్‌ని నడిపే కరెంటు దాంట్లోంచి రాదు. ఛార్జర్ ఎన్ని వాట్లదో లాప్‌టాప్‌కి చెప్పడమే దాని పని. ఆ కబురు అందకపోతే లాప్‌టాప్ అనుమానంతో బ్యాటరీ ఛార్జింగ్ ఆపేస్తుంది, ప్రాసెసర్‌ని కనిష్ఠానికి తొక్కేస్తుంది. బలహీనమైన ఛార్జర్ మీద భారం పడకూడదని ఆ జాగ్రత్త.

పిన్ను వంగిందేమోనని భూతద్దం పెట్టి చూశాను. నిటారుగానే ఉంది. అప్పుడు జాక్ నుంచి మూడు వేళ్ళ దూరంలో తీగ పట్టుకుని మెల్లగా వంచాను, కళ్ళు స్క్రీన్ మీద పెట్టి. కిందికి వంచితే 0.39. నిటారు చేస్తే 2.9. మళ్ళీ కిందికి, 0.39. ఆ ఒక్కచోట తీగ లోపల మెత్తగా, ఎముక విరిగిన వేలులా ఆడుతోంది. రోజూ సోఫా చేతి మీద నుంచి వంగి వేలాడేది సరిగ్గా అక్కడే. రెండో రోజు సాయంత్రం మెయిల్ రాసింది కూడా ఆ సోఫాలోనే.

ఆ రోజే టెంపరేచర్ 58 అని నా చేత్తో నేనే రాసుకున్నాను. 58 దగ్గర వేడి పేరు చెప్పి ఏ ప్రాసెసర్ ఆగదు. రాసుకుని కూడా చదవలేదు.

థ్రాటిల్‌స్టాప్‌లో బీడీ ప్రోక్‌హాట్ దగ్గర టిక్కు తీసేస్తే చాలు, ప్రాసెసర్ ఆ తీగని పట్టించుకోవడం మానేస్తుంది. పరీక్ష కోసం తీసి చూశాను. ఛార్జర్ వంకరగా ఉన్నా స్పీడు పూర్తిగా వచ్చింది. అసలు దొంగ అదేనని రుజువైంది, వెంటనే టిక్కు తిరిగి పెట్టేశాను. దీన్నే శాశ్వత వైద్యంగా చెప్పేవాళ్ళతో నాకు పేచీ ఉంది. రేపు నిజంగానే పవర్ సర్క్యూట్ కాలిపోయేంత వేడెక్కితే అది అరిచేది ఈ తీగలోనే. పైగా లోపల తెగుతున్న తీగలో కరెంటు పంపుతూ, హెచ్చరిక గంట నోరు కట్టేసి నిద్రపోవడం నాకు చేతకాదు.

12వ రోజు

తమ్ముడి ఆఫీసులో అదే మోడల్ వాడేవాళ్ళ ఛార్జర్ ఒక పూట అడిగి తెచ్చాడు. నాలుగు గంటలు, ఎటు వంచినా, ఒక్కసారి కూడా 0.39 లేదు. సరైన వాట్లు, సరైన పిన్ను ఉన్న కొత్త ఛార్జర్ ఆర్డర్ పెట్టాను. పాతదాన్ని ఎవరూ పొరపాటున గుచ్చకుండా జాక్ దగ్గర కత్తిరించేశాను. ఇన్సులేషన్ చీల్చి చూస్తే, కరెంటు తీగలు రెండూ గట్టిగానే ఉన్నాయి. వాటి పక్కన వెంట్రుకంత మూడో తీగ ఒక్కటి పుటుక్కున తెగి, రెండు కొసలూ ఒకదాన్నొకటి తాకుతూ వదులుతూ ఉన్నాయి.

ఆరో వారం

మళ్ళీ అదే క్లిప్పు, అవే సెట్టింగులు. గది 29. ఊరికే ఉంటే 44, పని మీద 83, మొత్తం 8 నిమిషాల 2 సెకన్లు. గది ఒక డిగ్రీ ఎక్కువుంది కాబట్టి పేస్టు ఇంకా జరగలేదనే లెక్క. ఇలాంటి, పైన లోహపు మూత లేని చిప్పుల మీద మామూలు పేస్టు కొన్ని నెలల్లోనే పక్కలకు పారిపోతుందంటారు. ఈసారి విప్పాల్సి వస్తే ఫేజ్ చేంజ్ షీటు వేస్తాను. అది మామూలుగా గట్టిగా ఉండి, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సర్దుకుంటుంది, పేస్టులా అంత సులువుగా పిండుకుపోదు. మూడు నెలలకోసారి ఈ పరీక్ష పెట్టి కోర్ల మధ్య తేడా రాయాలి.

నిన్న తమ్ముడు తన లాప్‌టాప్ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. చేతిలో స్క్రూడ్రైవర్ సెట్టు కూడా ఉంది. "అన్నా, నాదీ స్లో అయింది, పేస్టు మార్చెయ్." పది నిమిషాలు పరీక్ష పెట్టాను. టెంపరేచర్ 76, వాట్లు 15, వెలిగింది పీఎల్1 ఒక్కటే. దీనికి ఏమీ కాలేదురా, ఇది ఇంతే పరిగెత్తుతుంది అన్నాను. నమ్మలేదు. కనీసం దుమ్మైనా దులుపు అని పట్టుబడితే టాస్క్ మేనేజర్ తెరిచాను. ప్రింటర్ అప్‌డేటర్, 17 శాతం.